అమ్మ మూట కట్టిన మొక్కు

మా అమ్మ విజయవాడ గుణదల కొండ మీది మరియ మాతకు మొక్కుకున్నది నా జడ. అప్పటికి అది నడుము దాటి ఉండేది. హైదరాబాద్‌లో బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం, డాక్టరు గదిలోంచి బయటికి రాగానే అమ్మ వరండాలో కుర్చీ మీద కూలబడి కళ్ళు మూసుకుంది. "మాతమ్మా, నా బిడ్డ లేచి తిరిగితే దాని తలనీలాలు నీ కొండకిస్తా" అంది, నాకు వినపడేట్టే. నాకు రొమ్ము క్యాన్సర్, రెండో స్టేజి. వయసు 44.

మొదటి కీమో అయిన పదిహేడో రోజు పొద్దున దిండు నిండా జుట్టే. దువ్వెన పెడితే దువ్వెనతో పాటే వచ్చేసింది. నేను మంచం మీద కూర్చుని ఏడుస్తుంటే, అమ్మ ఒక్కో పోగూ ఏరి, తన పాత నేత చీర ముక్కలో మూట కట్టి బీరువాలో పెట్టింది. "మొక్కు జుట్టు. చెత్తలో వేయకూడదు" అంది.

మూడో కీమో అయ్యాక పింఛను పని మీద అమ్మ రెండు రోజులకని ఖమ్మం వెళ్ళింది. రెండో రోజు తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయింది. నాకప్పుడు తెల్ల రక్తకణాలు పడిపోయి, జ్వరంతో ఆస్పత్రిలో ఒంటరి గదిలో పెట్టారు. బయటికి పంపమంటే డాక్టర్లు ఒప్పుకోలేదు. అమ్మ భూస్థాపన ఫోన్‌లో చూశాను. సిగ్నల్ లేక బొమ్మ ఆగిపోయింది కానీ చప్పుడు ఆగలేదు. పెట్టె మీద మట్టి పడుతున్న చప్పుడు.

ఇంకొక మాట ఉంది. అది చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. రెండో కీమో రాత్రి వాంతులతో అలిసిపోయి మగతగా పడుకున్నాను. అమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. "దాన్ని వదిలెయ్యి ప్రభువా. కావాలంటే నన్ను తీసుకో" అంటోంది. నిద్రపోతున్నాననుకుంది. నేను విన్నాను.

ట్రీట్‌మెంట్ అయిపోయింది. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. గుడిలో అందరూ సంతోషించారు. "మీ అమ్మ ప్రార్థన దేవుడు విన్నాడమ్మా" అనేవారు, ప్రేమగానే. ఆ మాట విన్నప్పుడల్లా గొంతులో ముల్లు దిగినట్టుండేది. విన్నాడు కాబట్టే తీసుకుపోయాడా? నా ప్రాణానికి అమ్మ ప్రాణం బదులా? సాక్ష్యం చెప్పమని రెండుసార్లు పిలిచారు, వెళ్ళలేదు. జపమాల పట్టుకుంటే "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" దాకా నోరు తిరిగేది. చివర్లో "ఇప్పుడును మా మరణ సమయమందును" దగ్గర ఆగిపోయేదాన్ని. మరణం అన్న మాట నోట్లోంచి వచ్చేది కాదు.

నవంబరు రెండో తారీఖున, సమాధుల పండుగకి, మొదటిసారి అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళాను. కొవ్వొత్తి వెలిగించాను. క్షమించమని అడిగాను. అక్కడా ప్రార్థన పూర్తి కాలేదు.

మొక్కు తీర్చాలని పట్టుబట్టింది మా పిన్ని. అమ్మకి స్వయానా చెల్లెలు, 68 ఏళ్ళు. ఫిబ్రవరి 9, 10, 11 తారీఖుల్లో ఉత్సవాలకి లక్షల మంది వస్తారు, ఆ రద్దీలోకి వెళ్ళొద్దని డాక్టరు చెప్పారు. అందుకని ఉత్సవాలు అయిపోయాక ఒక శుక్రవారం బయల్దేరాం. నా తల మీద అప్పటికి రెండంగుళాల జుట్టు. ఇదివరకు తిన్నగా ఉండే జుట్టు కీమో తర్వాత చిన్నపిల్లల జుట్టులా ఉంగరాలు తిరిగి మెత్తగా వచ్చింది. అమ్మ కట్టిన మూట సంచిలో పెట్టుకున్నాను.

ఖమ్మంలో పొద్దున రైలెక్కాం. బోనకల్లు, మధిర, ఎర్రుపాలెం. పిన్ని పులిహోర తెచ్చింది కానీ విప్పలేదు, మొక్కు తీరేదాకా తిననంది. నేను ఉపవాసం ఉండకూడదని నా చేత మాత్రం రెండు ఇడ్లీలు తినిపించి, మాత్ర వేయించింది. హార్మోన్ మాత్ర ఐదేళ్ళు వేసుకోవాలి నేను. ఒక మాట ఇక్కడ చెప్పాలి. ప్రార్థన ఉంది కదా అని మందులు మానేసిన వాళ్ళని ఆస్పత్రిలో ఇద్దరిని చూశాను. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. దయచేసి ఎవరూ అలా చేయకండి. ఆ మాత్ర కూడా దేవుడిచ్చిందే అని నా నమ్మకం.

కొండపల్లి దాటి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనబడేసరికి నాకు టెన్షన్ మొదలైంది. ఎందుకో తెలియదు. విజయవాడలో దిగి ఆటో ఎక్కాం. ఏలూరు రోడ్డు మీద మాచవరం దాటాక కొండ కనబడింది, కొండ మీద సిలువ కనబడింది. పిన్ని ఆటోలోనే సిలువ గుర్తు వేసుకుంది.

గుణదలలో 1924లో ఈ మాత స్వరూపాన్ని పెట్టింది ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి ఫాదర్ గారు. అప్పుడాయన ఇక్కడి అనాథాశ్రమానికి పెద్ద. తల్లీ తండ్రీ లేని పిల్లల మధ్య మొదలైన చోటు ఇది. నూరేళ్ళు దాటింది. ఉత్సవాలైపోయినా జనం ఉన్నారు. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, పూలదండలు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోనివాళ్ళు అందరూ ఒకే వరసలో. అలా ఉండటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. బాధ వచ్చినవాణ్ణి ఆ తల్లి ముందు ఎవరూ కులం, మతం అడగరు.

ముందు తలనీలాలు. కొత్త బ్లేడు నేనే కొనుక్కెళ్ళాను, చిన్న గాయమైనా నాకు మంచిది కాదు. స్కార్ఫ్ తీయగానే మంగలాయన నా తల చూసి ఆగాడు. "ఇంత కొద్దిగా ఉందేంటమ్మా? మూడు కత్తెర్లిస్తే చాలదూ?" అన్నాడు. "ఇది మా అమ్మ మొక్కు, మొత్తం తీసెయ్యండి" అన్నాను. ఇంకేమీ అడగలేదు. నీళ్ళు చల్లి, చెవి వెనక బ్లేడు పోనిచ్చేటప్పుడు తల నొప్పెట్టకుండా బొటనవేలు అడ్డం పెట్టుకుంటూ మెల్లగా తీశాడు. కీమోకి జుట్టు ఊడినప్పుడు నన్నెవరూ అడగలేదు. ఈసారి నేనే ఇచ్చాను. ఆ తేడా నాకు ఒంటి మీద తెలిసింది. అయిపోయాక సంచిలోంచి మూట తీసి విప్పాను. నా పాత జుట్టు, పొడుగ్గా, నల్లగా. "ఇదీ ఇందులో కలపండి" అన్నాను. ఆయన రెండు చేతులతో తీసుకున్నాడు. చీర ముక్క మాత్రం నేను ఉంచుకున్నాను.

స్నానం చేసి, తలకి గంధం రాసుకుని, గుహ ముందు నిలబడ్డాం. తెల్లని వస్త్రం, నీలిరంగు నడికట్టు. లూర్దు మాత. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులో బెర్నదెత్ అనే 14 ఏళ్ళ పేద పిల్లకి మొదటిసారి కనబడిన రూపం ఇది. అక్కడ పుట్టిన ఊట దగ్గరికి లోకంలోని రోగులంతా వెళతారు. బాగైందని చెప్పినవాళ్ళు వేలల్లో ఉన్నా, అన్ని పరీక్షలూ చేసి 2018 నాటికి తిరుసభ, అంటే మా కతోలిక సంఘం, అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70 మాత్రమే. ఆ బెర్నదెత్‌కే చిన్నప్పటి నుంచి ఆయాసం. తర్వాత క్షయ వచ్చింది, మోకాలి ఎముక పుచ్చింది, 1879లో 35 ఏళ్ళకే చనిపోయింది. ఈ లోకంలో నిన్ను సుఖపెడతానని మాట ఇవ్వను, పరలోకంలో ఇస్తాను అని మాత ఆ పిల్లతో చెప్పిందంటారు. కీమో రాత్రుల్లో నిద్రపట్టక ఫోన్‌లో ఇవన్నీ చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. తను పిలిచిన పిల్లకే బాగు చేయలేదే అని. గుహ ముందు నిలబడ్డప్పుడు కూడా ఆ కోపం ఉంది. దాచలేదు. అమ్మ చీర ముక్క చేతిలో నలుపుకుంటూ అలాగే నిలబడ్డాను.

కొండ ఎక్కడం పిన్నికి కష్టం, నాకూ కష్టమే. దారి పొడవునా క్రీస్తు జీవితంలోని ఘట్టాలు ప్రతిమలుగా పెట్టారు. ప్రతి మలుపు దగ్గరా ఆగుతూ ఎక్కాం. శుక్రవారం కాబట్టి పిన్ని జపమాలలో దుఃఖ దేవరహస్యాలు, అంటే ప్రభువు పడిన బాధల్ని తలుచుకునే ఐదు ఘట్టాలు, మొదలుపెట్టింది. మొదటిది, తోటలో ప్రభువు రక్తపు చెమట కార్చడం. ఆమె ముందు సగం చెబితే నేను రెండో సగం చెప్పాలి. నేను చెప్పలేదు. పిన్ని ఆగింది.

"ఏంది బిడ్డా, ఆయాసమా?"

అక్కడే మెట్టు మీద కూర్చుని అడిగేశాను. "పిన్నీ, అమ్మ నా బదులు పోయిందా? నన్ను తీసుకో అని మొక్కింది. నేను విన్నాను."

పిన్ని పక్కన కూర్చుంది. కాసేపు మోకాళ్ళు ఒత్తుకుంది.

"మొక్కింది. నాతో గూడా చెప్పింది. తల్లన్నాక అనకుండా ఉంటదా? మా చిన్నోడు తెలివి లేకుండ పడుకున్న నాలుగు రోజులు నేనూ అదే అన్న. గోడకి తల కొట్టుకుని అన్న. నన్ను తీసుకోలే. వాడే పోయిండు. ఆయన ప్రాణానికి ప్రాణం తూకమేసేటోడైతే, మీ అమ్మ ప్రాణం చెల్లి నాది చెల్లకపోవుడేంది?"

చిన్నోడంటే మా తమ్ముడు. పిన్నికి ఒక్కడే కొడుకు. ఏడేళ్ళప్పుడు మెదడువాపు జ్వరంతో పోయాడు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. ఇన్నేళ్ళలో పిన్ని వాడి గురించి నాతో ఇంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"మీ అమ్మకి బీపీ, షుగరు. మా నాయనా అట్లనే నిద్రలో పోయిండు. అది దేవుడి మీద వెయ్యకు, నీ మీద వేసుకోకు."

"నీకు కోపం రాలేదా?"

"రాకేం. రెండేళ్ళు గుడి గడప తొక్కలే. మళ్ళ ఇక్కడికే వచ్చిన. యాడికి పోతా? కన్నకొడుకు సిలువ మీదుంటే ఈ తల్లి కింద నిలబడి చూసింది. నన్ను తీసుకొమ్మని ఆమె అడగలేదంటవా? ఆమెకే ఆ బేరం కుదరలే. నా ఏడుపు ఆమెకి తెలుస్తది. మూడోనాడు ఆమె కొడుకు లేచిండు. మా చిన్నోడు గూడా లేస్తడు. నేను చూస్త."

అంత మామూలుగా చెప్పింది, పొరుగూరి నుంచి రావలసినవాడి గురించి చెప్పినట్టు.

నేను చాలాసేపు లేవలేకపోయాను. ఏడుపు వచ్చింది, ఫోన్‌లో భూస్థాపన చూసిన రోజు రాని ఏడుపు. జ్ఞానోపదేశం క్లాసులో చిన్నప్పుడే నేర్చుకున్నాం, మన కోసం చెల్లించాల్సిన వెల ప్రభువు సిలువ మీద ఒక్కసారే చెల్లించేశాడని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. అది నిజమైతే, మా అమ్మ దగ్గర మళ్ళీ వసూలు చేయడానికి బాకీ ఏమీ మిగల్లేదు. అమ్మ మోకాళ్ళ మీద అడిగింది ప్రేమతో. తోటలో ప్రభువు కూడా అడిగాడు, ఈ పాత్రను తొలగించమని. ఆయన అడిగిందే దొరకలేదు. అడిగినందుకు ఆయన్ని ఎవరూ తప్పుపట్టరు. ఇన్ని నెలలుగా నేను మాత్రం మా అమ్మ ప్రార్థనని నేరంలా మోస్తున్నాను.

లేచి మొదటి రహస్యం దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. "సర్వేశ్వరుని మాతయైన పరిశుద్ధ మరియమ్మా" అన్నాను. "ఇప్పుడును" అన్నాను. పిన్ని నా వైపు చూడకుండా ఎదురుచూసింది. "మా మరణ సమయమందును ప్రార్థించండి" అన్నాను. గొంతు బొంగురు పోయింది కానీ పూర్తయింది. ఐదో రహస్యం అయ్యేసరికి కొండ మీద సిలువ దగ్గరికి చేరాం. కింద విజయవాడంతా ఎండలో ఉంది. ఎక్కడో రైలు కూత వినిపించింది. గాలి నా గుండు మీద చల్లగా తగిలింది. అక్కడ ఇంకేమీ అడగలేదు నేను. అమ్మ పేరు చెప్పాను, తమ్ముడి పేరు చెప్పాను.

దిగేటప్పుడు పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు, వాన పడే ముందు లాగుతుంది. ఛాతీ మీద మచ్చని అద్దంలో చూసుకోవడం మానేసి చాలా రోజులైంది. మరణం నుంచి లేచిన ప్రభువు, నమ్మని శిష్యుడు తోమాకి చూపించింది చేతుల మీది గాయాలనే కదా. మహిమ శరీరంలోనూ ఆయన వాటిని చెరుపుకోలేదు. ఇది నేను వందసార్లు విన్న సువార్త. నా మచ్చతో కలిపి ఎప్పుడూ వినలేదు.

పులిహోర స్టేషన్‌లో తిన్నాం. రైల్లో పిన్ని కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేనూ నిద్రపోయాను, నిద్రమాత్ర లేకుండా, మధిర దాకా. లేచేసరికి చీర ముక్క తలకి కట్టి ఉంది. పిన్నే కట్టినట్టుంది, చలిగాలికి.

సోమవారం మళ్ళీ స్కాన్ ఉంది. పిన్ని తోడొస్తానంది. ఫైల్లో పాత రిపోర్టులు వరసగా సర్దాను, పైన జపమాల పెట్టాను.