కార్తెకో పులుపు

కాకినాడ ఇళ్ళలో చేపల పులుసు ఏడాది పొడుగునా ఉడుకుతూనే ఉంటుంది. మారేదల్లా అందులోకి వేసే పులుపు. ఎండలు మొదలవుతూనే చింతచిగురు, ముదిరాక మామిడికాయ, వానలు పడ్డాక వాక్కాయ, గోదావరికి వరద వచ్చిన రోజుల్లో చింతపండు, చలికాలంలో పచ్చి చింతకాయ. ఈ ఏడాది ఉగాది వెళ్ళాక నేను పెట్టుకున్న పని ఇదే: ఏ కార్తెలో ఏ పులుపు చేతికి అందుతుందో దానితోనే చేప వండాలి, కొలతలు ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోవాలి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే కార్తె. రైతులు విత్తనాలకు చూసుకునే ఈ లెక్క వంటకు కూడా చక్కగా కుదురుతోంది. నెలల లెక్క కన్నా ఇదే నాకు సులువుగా ఉంది.

రేవతి కార్తె

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి సముద్రానికి ఈ విరామం. ఒకప్పుడు ఇది 47 రోజులే ఉండేది, 2015 నుంచి 61 రోజులు చేశారు. ఇంజను లేని చిన్న తెప్పలకు అడ్డు లేదు గానీ అవి తెచ్చే కాసిని చేపలు ఒడ్డునే అయిపోతాయి. అందుకే నిషేధానికి ముందే నెత్తళ్ళు ఎండబెట్టుకోవడం మా వైపు పాత అలవాటు. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను.

నాలుగు కిలోల పచ్చి నెత్తళ్ళు ఎండితే సుమారు కిలో అవుతాయి. నెత్తళ్ళకు ఉప్పు పట్టించను. చేప సన్నంగా ఉంటుంది కాబట్టి మంచి ఎండ ఉంటే చాలు. ఒడ్డున ఇసుక మీద ఆరబోసినవి కొంటే ఎన్నిసార్లు కడిగినా ఇసుక పంటి కింద పడుతుంది. నేను మేడ మీద నులక మంచం వేసి, దాని మీద దోమతెర గుడ్డ పరిచి పలుచగా సర్దాను. కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి రెండు వైపులా సమంగా ఎండుతాయి, తిరగెయ్యాల్సిన పని తగ్గుతుంది. మంచం కోళ్ళ కింద నీళ్ళు పోసిన డబ్బా మూతలు పెడితే చీమలు ఎక్కవు. పైన కప్పడానికి పాత వల ముక్క ఒకటి పక్కింటి పెద్దమ్మగారు ఇచ్చారు. కాకులకు వల చాలు. పిల్లుల కోసం మాత్రం పెద్దమ్మగారి మనవరాలు బెత్తం పట్టుకుని కాపలా కూర్చుంది. రోజుకో పుల్ల ఐసు జీతం. మా వీధిలో ఉన్న నల్ల పిల్లి మొదటి రోజే ఆ పిల్లతో స్నేహం చేసుకుంది. ఆ స్నేహానికి రోజూ రెండు మూడు నెత్తళ్ళు ఖర్చయ్యాయి, అయినా మిగిలినవన్నీ భద్రంగా దిగాయి.

సాయంత్రం కాగానే చేపలన్నీ లోపలికి తెచ్చెయ్యాలి. రాత్రి సముద్రపు గాలిలో ఉండే చెమ్మ పగలంతా ఎండిన చేపను మళ్ళీ మెత్తబరుస్తుంది. విరిస్తే పుటుక్కుమని విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకా ఎండ కావాలి. చల్లారాక గాజు సీసాలో పోసి మూత బిగించాను. కార్తె మారినప్పుడల్లా ఒక పూట మళ్ళీ ఎండలో పెట్టడం కూడా రాసుకున్నాను. దానివల్ల పురుగు పట్టదు, వాసన మారదు.

అశ్విని కార్తె

చింతచిగురు, ఎండు రొయ్యలు. ఈ కూర రుచి అంతా చిగురు లేతదనంలోనే ఉంది. వేలితో నొక్కితే నలిగిపోయే లేత ఎరుపు చిగురు అయితే ఈనెలు కూడా తియ్యక్కర్లేదు. కాస్త ముదిరితే అరచేతుల మధ్య పెట్టి నలిపితే పొడి పొడిగా ఆకు రాలుతుంది, పుల్లలు చేతిలో మిగులుతాయి.

50 గ్రాముల ఎండు రొయ్యలకు 150 గ్రాముల చిగురు, రెండు పెద్ద ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు. రొయ్యల తలలు, కాళ్ళు తుంచి, నూనె లేని మూకుడులో సన్నని సెగ మీద వేయించి, వేడిగా ఉండగానే చేటలో పోసి రుద్దాలి. మీసాలన్నీ ఊడి వస్తాయి, చెరిగితే పోతాయి. ఆ తరువాతే గోరువెచ్చని నీళ్ళలో కడగాలి. ఉల్లిపాయ మెత్తబడ్డాక రొయ్యలు, పసుపు, కారం వేసి మగ్గించి, చిగురు చివరలో వెయ్యాలి. అయిదు నిమిషాల్లో దగ్గర పడుతుంది. ఎండు రొయ్యల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి దించే ముందు రుచి చూసి అప్పుడు ఉప్పు చల్లుకోవాలి.

భరణి, కృత్తిక

ఆవకాయ రోజులు. పచ్చడికి పీచు ఉన్న, టెంక గట్టిపడిన పుల్లటి కాయ కావాలి. పెద్ద మార్కెట్లో కొట్టించుకుని తెచ్చాను. ప్రతి ముక్కకీ టెంక ఉండేట్టు కొట్టమని అడగాలి, టెంక లేని ముక్క నెల తిరగకుండా మెత్తబడిపోతుంది. జీడి తీసి, లోపలి పలుచటి పొర కూడా గీకి, పొడి గుడ్డతో తుడవాలి. నా కొలత: నాలుగు గిన్నెల ముక్కలకు ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, ముప్పావు గిన్నె దంచిన కల్లుప్పు, గుప్పెడు వెల్లుల్లి, రెండు చెంచాల మెంతులు, ముక్కలు తేలేటంత పప్పునూనె. మూడో రోజు తిరగ కలిపితే ఊట పైకి వస్తుంది. ఈసారి నూనె ఒక గిన్నె ఎక్కువే పోశాను, వరదల నాటి వంట కోసం. ఆ సంగతి మఖ కార్తెలో వస్తుంది.

ఈ కార్తెల్లో నేను ఎక్కువగా కుస్తీ పట్టింది ఎండు నెత్తళ్ళు, మామిడికాయ, వంకాయ కలిపిన పులుసుతో. చాలా ఇళ్ళలో మూడూ ఒకేసారి వేసేస్తారు. నేను రెండు చట్టుల్లో పక్కపక్కనే వండి చూశాను. మామిడికాయతో పాటే వేసిన వంకాయ ఎంతసేపు ఉడికినా ముక్క మధ్యలో గట్టిగానే ఉంది. ముందు వంకాయ ఉడికించి, అది మెత్తబడ్డాక మామిడికాయ వేసిన చట్టిలో ముక్క వెన్నలా కరిగింది. పులుపు కూరగాయను మెత్తబడనివ్వదు. చేపకు వచ్చేసరికి ఈ గుణమే మేలు చేస్తుంది. పులుపులో ఉడికిన చేప ముక్క బిగుసుకుని, విరగకుండా నిలుస్తుంది. నీచు వాసన సంగతి కూడా అంతే. ఆ వాసనకు ముఖ్య కారణం ట్రైమిథైల్ అమైన్ అనే క్షార పదార్థం. పులుపులోని ఆమ్లం దానితో కలిసి, ఆవిరై గాలిలోకి లేవకుండా పట్టి ఉంచుతుంది. మన పెద్దలు చేపకు పులుపు తప్పనిసరి చేసింది నాలుక కోసమే కాదని అప్పటి నుంచి నాకు గట్టి నమ్మకం.

స్థిరపడిన పద్ధతి ఇది. 100 గ్రాముల నెత్తళ్ళ తలలు గిల్లి, దోరగా వేయించి, వేడి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి కడగాలి. మట్టి చట్టిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక పావుకిలో లేత వంకాయలు చీల్చి వెయ్యాలి. పసుపు, కారం, రెండు గ్లాసుల నీళ్ళు. వంకాయ మెత్తబడ్డాక ఒక మోస్తరు మామిడికాయ ముక్కలు, నెత్తళ్ళు కలిపి వేసి ఎనిమిది నిమిషాలు ఉడికించాలి. చివర్లో జీలకర్ర, వెల్లుల్లి దంచి వెయ్యాలి. మామిడికాయ ఎన్ని ముక్కలు అన్నది మాత్రం ఎవరూ రాసి ఇవ్వలేరు. మా వీధికి చేపలు తెచ్చే అక్కను అడిగితే, "కాయ కాయకీ పులుపు మారుతుందమ్మా. ముక్క నమిలి చూడండి. కన్ను మూతపడితే సగం కాయ చాలు" అంది. నా పుస్తకంలో ఆ మాటే కొలతగా రాసుకున్నాను.

రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండలు. పొయ్యి దగ్గర నిలబడడమే కష్టం. ముద్దపప్పు, కొత్త ఆవకాయ, నెయ్యి, పక్కన వేయించిన ఎండు చేప. పిల్లలకు పప్పుచారు. కార్తె పొడుగునా దాదాపు ఇదే, ఎవరూ విసుక్కోలేదు.

మృగశిర కార్తె

మృగశిర ప్రవేశించిన రోజు చేప తినాలన్నది చాలా ఊళ్ళలో ఆచారం. ఆ నాటికి వేట ఇంకా తెరవరు కాబట్టి చెరువు చేపే దిక్కు. శీలావతి తెచ్చి మామిడికాయతోనే వండాను. సముద్రపు చేపకు అలవాటు పడిన నోటికి చెరువు చేప కాస్త మట్టి వాసన వేస్తుంది. ముక్కలకు ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి కడిగితే ఆ వాసన చాలా వరకు పోయింది.

జూన్ 14 అర్ధరాత్రి దాటితే మర పడవలు కదులుతాయి. అంతకు ముందు రోజుల్లో రేవుకు వెళ్ళి చూడాలి. వలలు బాగు చేసేవాళ్ళు, పడవలకు రంగులు వేసేవాళ్ళు, ఐసు నింపేవాళ్ళు, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పడవ ముక్కుకు పసుపు, కుంకుమ పెట్టేవాళ్ళు. రెండు నెలలు ఇంటిపట్టున ఉన్న మగవాళ్ళను సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్ళ హడావుడి వేరు. చేపల అక్క మొహంలో వెలుగు చూసి, "ఇన్నాళ్ళూ బేరం లేక దిగులుగా ఉన్నారా అక్కా?" అని అడిగాను. "బేరం మాట అలా ఉంచండమ్మా. మా ఆయన రెండు నెలలుగా నా వంటకు వంకలు పెడుతున్నాడు. ఇక సముద్రం వండి పెడుతుంది" అంది. రేవులో చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు, ఆయనతో సహా.

ఆరుద్ర కార్తె

తాజా చేపలు వచ్చాయి. కానాగంతలు, కవళ్ళు, సొర, రొయ్యలు. పెద్ద పడవలు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి కాబట్టి తాజాదనం ఎవరికి వారు చూసుకోవాల్సిందే. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా మెరవాలి, వేలితో నొక్కితే గుంట పడకుండా కండ పైకి లేవాలి. చెట్లమీద మిగిలిన ఆఖరి మామిడికాయలు కానాగంతల పులుసులోకి వెళ్ళాయి. నూనె చేప కాబట్టి పులుపు కాస్త ఎక్కువ పడుతుంది.

పునర్వసు, పుష్యమి

వాక్కాయ, రొయ్యలు. ఈ ఏటి వంటల్లో నాకు అన్నిటి కన్నా నచ్చింది ఇదే. వాక్కాయ పాలు చేతికి జిగురుగా అంటుతాయి, అందుకని చేతులకు నూనె రాసుకుని కాయలు చీల్చి గింజలు తీసి, ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు వెయ్యాలి. అరకిలో రొయ్యలకు వంద గ్రాముల కాయలు చాలు. రొయ్యలు త్వరగా ఉడుకుతాయి, వాక్కాయకు టైము పడుతుంది. కాబట్టి వాక్కాయ ముందు, రొయ్యలు తరువాత. మామిడికాయ పులుపు నాలుక మీద వెంటనే తెలుస్తుంది. వాక్కాయది ముద్ద మింగాక, చిన్న వగరుతో మెల్లగా తెలుస్తుంది. ముసురు పట్టిన మధ్యాహ్నం వేడి అన్నంలోకి ఇంతకన్నా మంచి కూర నేను తినలేదు.

మఖ కార్తె

గోదావరిలో ఎర్రనీరు. సముద్రంలోని ఇలస గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదే రోజులు. నదిలో పట్టుబడితే పులస, ధర వేలల్లోకి వెళుతుంది. పుస్తెలు అమ్మయినా పులస తినాలన్న సామెత మనకు ఉండనే ఉంది. పుస్తెలు అమ్మాల్సిన పని లేకుండా నేను సముద్రపు ఇలసనే తెచ్చాను. పులస రుచి పులసదే, ఒప్పుకుంటాను. అయినా ఓపికగా వండితే ఇలస కూడా ఇంటిల్లిపాదినీ పళ్ళేల దగ్గర కూర్చోబెడుతుంది. పులస పేరు చెప్పి ఇలసకు పులస ధర అడిగే చోట మాత్రం బేరమే ఆడకుండా వచ్చెయ్యడం మంచిది.

కిలో చేపకు 60 గ్రాముల చింతపండు. వెడల్పాటి దాక, సన్నని సెగ. ఉల్లిపాయ ముద్ద నూనె తేలేదాకా వేగాక కారం, పసుపు, ధనియాల పొడి, పలుచటి చింతపండు పులుసు. పులుసు మరిగాక ముక్కలు ఒక వరుసలో పేర్చి, వేయించిన బెండకాయలు, చీల్చిన పచ్చిమిరపకాయలు మధ్యలో దూర్చాలి. ఇక గరిటె పెట్టకూడదు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని తిప్పాలి. మూత పెట్టి గంటకు పైగా వదిలేస్తే నూనె ఎర్రగా అంచుల వెంట తేలుతుంది. దించే పావుగంట ముందు భరణి కార్తెలో దాచిన ఆవకాయ ఊట రెండు గరిటెలు పోశాను. వేసవిలో ఎక్కువ పోసిన నూనె అంతా దీనికే. ఆవ ఘాటు, మామిడి పులుపు, చింతపండు పులుపు ఒక్క దాకలో కలిశాయి. ఈ పులుసు వండిన రోజు కన్నా మర్నాటికి బాగుంటుంది. పెద్దమ్మగారికి పంపిన గిన్నె మర్నాడు ఖాళీగా కాక, నిండా మినప సున్నుండలతో తిరిగి వచ్చింది. మనవరాలు గిన్నెతో పాటు కబురు కూడా తెచ్చింది: ముళ్ళు ఎక్కువేగానీ మళ్ళీ ఎప్పుడు వండుతారు అని.

ఆవకాయ జాడీలో ఇంకా సగానికి పైగా ఉంది. నెత్తళ్ళ సీసాలో అడుగు కనిపిస్తోంది. పెద్దమ్మగారి పెరట్లో చింత చెట్టు పిందె వేసింది. కార్తికంలో వాళ్ళింట్లో నీచు వండరు. కాబట్టి పచ్చి చింతకాయ, చిన్న చేపల పులుసు మార్గశిరంలోనే మొదలుపెట్టాలి. అప్పటికి కాయలో గింజ గట్టిపడదు, దంచితే గుజ్జు బాగా వస్తుంది. కాయలు కొయ్యడానికి పొడుగాటి దోటి ఒకటి ఇప్పటి నుంచే వెతికి పెట్టుకోవాలి.