88కి ఆగి ఫెయిల్, 131కి ఆగి పాస్: నా ఎన్‌క్లెక్స్ అనుభవం

అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ పరీక్ష మొదటిసారి రాసినప్పుడు 88వ ప్రశ్న తర్వాత స్క్రీన్ ఆగిపోయింది. 85కి దగ్గర్లో ఆగితే పాసైనట్టే అని అందరూ చెప్పుకోవడం విని ఉన్నాను కాబట్టి, బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేసి "అయిపోయింది, బాగా రాశాను" అని చెప్పేశాను. రెండు రోజుల తర్వాత ఫెయిల్ అని వచ్చింది. మధ్యలో ఆ రెండు రోజులు ఎంత సంతోషంగా తిరిగానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

నేను ఏడేళ్లు వార్డులో పనిచేసిన నర్సుని. అందుకే ఆ ఫెయిల్ చదువులో తప్పినట్టు అనిపించలేదు, నా పని మీదే ఎవరో మచ్చ వేసినట్టు అనిపించింది. ఇది ముఖ్యంగా నాలాగే ఏళ్ల తరబడి డ్యూటీ చేసి కూడా ఈ పరీక్ష దగ్గర ఆగిపోయిన వాళ్ల కోసం రాస్తున్నాను, ఎందుకంటే నన్ను ఫెయిల్ చేసింది తెలియకపోవడం కాదు, నా అలవాట్లు. అది అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ముందు పరీక్ష నడిచే పద్ధతి చెప్తాను, ఇది తెలియకే సగం టెన్షన్. ప్రశ్నలు అందరికీ ఒకేలా రావు. మనం ఒక్కో జవాబు ఇస్తున్న కొద్దీ కంప్యూటర్ మన స్థాయిని మళ్లీ లెక్కేసుకుని, మనం సరిగ్గా చెప్పే అవకాశం సగానికి సగం ఉండే ప్రశ్నని తర్వాత ఇస్తుంది. అంటే బాగా చదివినవాళ్లకీ చదవనివాళ్లకీ ఇద్దరికీ పరీక్ష కష్టంగానే అనిపిస్తుంది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, టైమ్ ఐదు గంటలు. అందులో 15 ప్రశ్నలకి మార్కులు లెక్కలోకి రావు, కానీ అవి ఏవో మనకి తెలియదు. మనం పాస్ గీతకి పైన ఉన్నామని గానీ కింద ఉన్నామని గానీ కంప్యూటర్‌కి 95 శాతం నమ్మకం కుదిరిన చోట పరీక్ష ఆగుతుంది. కింద ఉన్నామని తేలినా ఆగుతుందన్న ముక్క నేను పట్టించుకోలేదు. 88 దగ్గర నాకు జరిగింది అదే. వెనక్కి వెళ్లి జవాబు మార్చుకోవడం ఉండదు, ప్రశ్న వదిలేసి ముందుకి పోవడమూ ఉండదు.

అప్లికేషన్ గురించి ఎక్కువ రాయను. లైసెన్స్ ఇచ్చే అక్కడి నర్సింగ్ బోర్డుకి అప్లై చేయడం, చదువు తాలూకు కాగితాలు కాలేజీ నుంచి నేరుగా పంపించడం, పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ సంస్థలో రిజిస్టర్ అవడం, ఏటీటీ, అంటే పరీక్ష రాయడానికి అనుమతి, వచ్చాక తేదీ బుక్ చేసుకోవడం. ఓపిక కావాలి, అంతే. ఒక్కటి మాత్రం జాగ్రత్త: నా సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఏటీటీలో పేరు, పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డులో పేరు ఒకటే ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. అప్లికేషన్ మొదటి పేజీలోనే అది సరిచూసుకోండి. ఏటీటీకి గడువు కూడా ఉంటుంది, నాకు 90 రోజులు ఇచ్చారు.

మొదటిసారి నా చదువు ఎలా సాగిందంటే, లావుపాటి పుస్తకం పెట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. నైట్ డ్యూటీ దిగి వచ్చి, నాలుగు గంటలు పడుకుని, లేచి చదివేదాన్ని. రక్తంలో ఉండాల్సిన పొటాషియం 3.5 నుంచి 5, లిథియం 0.6 నుంచి 1.2, హెపారిన్‌కి విరుగుడు ప్రోటమిన్ సల్ఫేట్, వార్ఫరిన్‌కి విటమిన్ కె, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ప్రాక్టీస్ ప్రశ్నలు మాత్రం చివరి రెండు వారాలకి వాయిదా వేశాను, "ముందు సిలబస్ అవనీ" అనుకుంటూ. చేసినా ఎన్ని రైటో చూసుకుని పక్కన పెట్టేసేదాన్ని. తప్పు అయిన వాటి వివరణ చదవడానికి మనసొప్పేది కాదు.

ఫెయిలైన వాళ్లకి ఒక రిపోర్టు ఇస్తారు, క్యాండిడేట్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ అని. ఒక్కో విభాగంలో పాస్ గీతకి పైన ఉన్నామా, దగ్గర్లో ఉన్నామా, కింద ఉన్నామా అని ఉంటుంది. నేను వారం రోజులు దాన్ని తెరవలేదు. మా సీనియర్ ఒకామె, నేను అక్కా అని పిలుస్తాను, ఆమె అంతకుముందే పాసైంది, ఫోన్ చేసి "రిపోర్ట్ చదివావా?" అంది. లేదన్నాను. "పేషెంట్‌కి ల్యాబ్ రిపోర్ట్ వస్తే వారం రోజులు టేబుల్ మీద పెట్టేస్తావా నువ్వు? తెరువు, నేను లైన్‌లోనే ఉంటాను" అంది. తెరిచాను. మందుల విభాగంలో గీతకి పైనే ఉన్నాను. మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్‌లో కింద. అంటే ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి, ఏ విషయం ఎవరికి చెప్పాలి అనేవన్నీ వచ్చే భాగం. పరీక్షలో అన్నిటికంటే పెద్ద వాటా దానిదే. రోజూ నేను చేసే పని కూడా అదే. ఆ మాట అక్కతో అంటూనే ఏడ్చేశాను.

మళ్లీ రాయాలంటే కనీసం 45 రోజులు ఆగాలి. నేను మూడు నెలలు తీసుకున్నాను. ఈసారి పుస్తకం పక్కన పెట్టి రోజుకి 40 ప్రశ్నలు, వాటి వివరణలు మొత్తం, రైట్ అయిన వాటివి కూడా. ప్రశ్నలకి గంట పడితే వివరణలకి రెండు గంటలు పట్టేది. ఒక నోట్‌బుక్ పెట్టాను. ప్రతి తప్పు పక్కన అది ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం రాయాలి, "తెలియదు" అని రాయాలంటే నిజంగా తెలియకపోయి ఉండాలి. రెండు వారాల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే "తెలియదు" అన్నవి మూడో వంతు కూడా లేవు. మిగతావన్నీ వేరే రకం: ప్రశ్నలో లేనిది ఊహించుకున్నాను, "మొదట" అన్న మాట వదిలేశాను, సరైన జవాబు పెట్టి మళ్లీ మార్చాను. అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన వాక్యం "మా వార్డులో ఇలాగే చేస్తాం".

పరీక్షలో వచ్చిన ప్రశ్నలు చెప్పను, బయట చెప్పనని ఒప్పుకునే లోపల కూర్చుంటాం. ఇవి నోట్‌బుక్‌లో నుంచి నేను నా మాటల్లో రాసుకున్నవి. ఒక గర్భిణికి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ మందు నరంలోకి వెళ్తోంది, నిమిషానికి శ్వాస 10, మోకాలి రిఫ్లెక్స్ లేదు. మొదట ఏం చేస్తావు? నేను "డాక్టర్‌కి తెలియజేస్తాను" అని పెట్టాను. ఏడేళ్లుగా నా చెయ్యి ముందు ఫోన్ మీదకే వెళ్తుంది మరి. కానీ ఒంట్లోకి ఎక్కుతున్న విషాన్ని ఎక్కనిస్తూ ఫోన్ చేస్తానా? ముందు ఇన్‌ఫ్యూజన్ ఆపాలి, తర్వాతే ఫోన్, ఆ తర్వాత విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్. మెగ్నీషియం టాక్సిసిటీ లక్షణాలు నాకు కంఠతా వచ్చు, విరుగుడూ వచ్చు. అయినా తప్పు పెట్టాను. రక్తం ఎక్కిస్తుంటే రియాక్షన్ వచ్చినా ఇంతే, ముందు ఆపడం.

ఇంకొకటి. నలుగురు పేషెంట్లు, ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు? ఒకరికి ఆపరేషన్ అయిన మర్నాడు కుట్ల దగ్గర నొప్పి, పదికి ఎనిమిది. ఒకరు సీఓపీడీ, అంటే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 90. ఒకరు షుగర్ పేషెంట్, రీడింగ్ 260. ఒకరికి కాలికి సిమెంటు కట్టు, నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి గంటైనా తగ్గలేదు, వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయంటున్నారు. నేను 90 అంకె చూసి సీఓపీడీ పేషెంట్ దగ్గరికి పరిగెత్తాను. శ్వాస ముందు అని చదివాను కదా. కానీ సీఓపీడీలో 88 నుంచి 92 మామూలుగా మనం పెట్టుకునే లక్ష్యమే. ఆపరేషన్ అయిన మర్నాడు నొప్పి ఉండేదే. కట్టు ఉన్న కాలిలో మందుకి లొంగని నొప్పి, తిమ్మిరి, అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, అంటే లోపల ఒత్తిడి పెరిగి కండరాలకి రక్తం అందకపోవడం, కావచ్చు, ఆలస్యం చేస్తే కాలే పోవచ్చు. ఆ జబ్బులో ఉండాల్సిన లక్షణమా, ఉండకూడనిదా, ఇదొక్క ప్రశ్న ప్రతి పేషెంట్ గురించీ అడుక్కోవడం నేర్చుకున్నాక ఈ రకం ప్రశ్నలంటే భయం పోయింది.

పని అప్పగించే ప్రశ్నలు నాకు ఇంకా కష్టమయ్యాయి, ఎందుకంటే నేను చేసిన చోట నర్సంటే నర్సే, అన్నీ మేమే చేసేవాళ్లం. అమెరికాలో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్), ఎల్‌పీఎన్ (ఆర్‌ఎన్ కింది మెట్టు నర్స్), సహాయకులు అని మూడు మెట్లు ఉంటాయి. మొదటి పరిశీలన, పేషెంట్‌కి నేర్పించడం, ఫలితం చూసి నిర్ణయించడం, నిలకడగా లేని పేషెంట్, ఇవి ఆర్‌ఎన్ ఎవరికీ ఇవ్వకూడదు. నిలకడగా ఉన్న పేషెంట్‌కి స్నానం, నడిపించడం, బీపీ, నాడి లాంటి మామూలు వైటల్స్ చూడటం సహాయకులకి ఇవ్వొచ్చు. దీన్ని నేను పరాయి దేశపు రూలులా బట్టీ పట్టకుండా, ఆ ఆస్పత్రిలో రేపు నేనే ఇన్‌చార్జ్‌గా నిలబడ్డట్టు ఊహించుకుని చేశాను. అప్పుడు కుదిరింది.

2023 ఏప్రిల్ నుంచి పరీక్ష కొత్త రూపంలో వస్తోంది, నెక్స్ట్ జెనరేషన్ అంటారు. కేస్ స్టడీలు తప్పకుండా మూడు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు, నర్సు నోట్స్, వైటల్స్, ల్యాబ్ అన్నీ ట్యాబుల్లో ఇస్తారు. చాలామంది వీటికి భయపడతారు గానీ పని అనుభవం ఉన్నవాళ్లకి ఇవే చుట్టాలు, నిజమైన కేస్ షీట్ చదివినట్టే ఉంటుంది. సాటా, అంటే సరైనవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో ఇప్పుడు కొంత సరిగ్గా పెట్టినా మార్కు ఉంటుంది, కానీ తప్పు ఆప్షన్ నొక్కితే ఒక మార్కు పోతుంది, సున్నాకి కిందికి మాత్రం దిగదు. అందుకని అనుమానం ఉన్నవన్నీ నొక్కేయడం పనికిరాదు. నేను ఒక్కో ఆప్షన్‌నీ విడిగా అవునా కాదా అని చదివేదాన్ని, పక్క ఆప్షన్‌తో పోల్చకుండా.

రెండోసారి పరీక్ష రోజు. అరచేతి నరాల స్కాన్, ఫోటో, సంతకం, జేబులు ఖాళీ చేయడం, రాసి తుడుచుకునే బోర్డు ఒకటి చేతికి ఇచ్చారు. మొదటిసారి బ్రేక్ తీసుకోలేదు, టైమ్ పోతుందని. నిజంగానే బ్రేక్ సమయం ఐదు గంటల్లోంచే పోతుంది. కానీ ఈసారి రెండు గంటలకి స్క్రీన్ మీద బ్రేక్ అడిగినప్పుడు లేచాను, ముఖం కడుక్కున్నాను, రెండు నిమిషాలు గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాను.

85 దాటింది. ఆగలేదు. 88 దాటింది, ఆ అంకె చూడగానే చేతులు చల్లబడ్డాయి. 100 దాటాక ఇక అయిపోయిందని ఒక ఆలోచన వచ్చింది, ఇంట్లో ఏం చెప్పాలో కూడా మనసులో మొదలైంది. అప్పుడు ముందున్న ప్రశ్న మీదే మనసు ఉండాలని బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఈ పేషెంట్" అని రాసుకున్నాను. ప్రశ్న ఇంకా వస్తోందంటే కంప్యూటర్ ఇంకా తేల్చుకోలేదనే అర్థం, నేను ఓడిపోలేదని అర్థం. మూడున్నర గంటలకి ఇంకో బ్రేక్ అడిగింది, వద్దన్నాను, ఎందుకంటే ఒక కేసులో మనసు పూర్తిగా ఉంది. 131 దగ్గర ఆగింది. ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇంటికి వెళ్లి పడుకున్నాను.

నేను అప్లై చేసిన బోర్డు క్విక్ రిజల్ట్స్, అంటే అధికారికం కాని ముందస్తు ఫలితం, ఇస్తుంది, రెండు పని దినాల తర్వాత ఫీజు కట్టి చూసుకోవచ్చు. డ్యూటీలో ఉన్నాను ఆ రోజు. మధ్యాహ్నం మందులు ఇచ్చేశాక స్టాఫ్ రూమ్‌లోకి వెళ్లి తెరిచాను. పాస్ అన్న మాట నాలుగైదుసార్లు చదివాను, పేరు నాదేనా అని పైకి వెళ్లి మళ్లీ చూశాను. అక్కకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, తనూ డ్యూటీలోనే ఉంది. మెసేజ్ పెట్టి, కళ్లు తుడుచుకుని వార్డులోకి వచ్చేసరికి ఆరో బెడ్ పేషెంట్ కట్టు బిగుతుగా ఉందంటున్నాడు, ముందు వెళ్లి అతని వేళ్లు చూశాను. గులాబీ రంగులో, వెచ్చగా ఉన్నాయి, కదిలిస్తున్నాడు. రాత్రి అక్క ఫోన్ చేసి ఐదు నిమిషాలు ఇద్దరం ఏడ్చాక, "సరే, లైసెన్స్ నంబర్ రాగానే వీసా కోసం అడిగే వీసా స్క్రీన్ సర్టిఫికెట్‌కి అప్లై చెయ్యి, ఇంగ్లిష్ టెస్ట్ స్కోరు గడువు ఎప్పటిదాకా ఉందో చూడు" అంది. లేచి ఫైల్ తీశాను.