చదివింది నిలవట్లేదా? పుస్తకం మూసి చూడండి

"నిన్న చదివిందే గుర్తుండట్లేదన్నా." చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర టీ తాగుతుంటే ఈ మాట వినపడని రోజుండదు. అక్కడి నుంచి చర్చ బాదంపప్పు మీదికి, జ్ఞాపకశక్తి మాత్రల మీదికి పోతుంది. మనుషులందరికీ మరుపు ఇంతే. జర్మనీకి చెందిన మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, ఎంత త్వరగా మరచిపోతున్నాడో తన మీదే లెక్క కట్టి 1885లో పుస్తకం వేశాడు. ఆయనకే ఒక్క రోజులో సగానికి పైగా జారిపోయేది.

తెలంగాణ గ్రూప్-2లో 4 పేపర్లు, 600 మార్కులు. నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం రాజ్యాంగంలో ఒకదాన్నొకటి పోలిన అధికరణలు. రాష్ట్ర ఆర్థిక సంఘం 243-ఐ, రాష్ట్ర ఎన్నికల సంఘం 243-కె, కేంద్రానివి చూస్తే 280, 324. నాలుగూ ఒకే పూట చదివితే పరీక్ష హాల్లో ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఆర్థిక సంఘాలు ఒకరోజు, ఎన్నికల సంఘాలు ఇంకో రోజు పెట్టుకున్నాక ఆ గందరగోళం చాలావరకు తగ్గింది.

తెలంగాణ ఉద్యమ చరిత్రకు ఇంకో పద్ధతి. 1969, 1972, 1973, 1975, 1985 అని విడిగా చదివితే ఒట్టి అంకెలు. స్థానికుల ఉద్యోగాల గొడవ అనే తీగ లాగండి, డొంకంతా కదులుతుంది. 1969 ఉద్యమానికి ఒక ముఖ్య కారణం అదే. ముల్కీ నిబంధనలు (ఉద్యోగాలు స్థానికులకే అనే పాత నిబంధనలు) చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, దాంతో అటు ఆంధ్ర ప్రాంతంలో ప్రత్యేక రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం లేచింది. దాన్ని చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం, అందులోంచి రాజ్యాంగంలోకి 371-డి అధికరణ, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. వాటిని తుంగలో తొక్కి చేసిన నియామకాలను సరిదిద్దడానికి 1985లో 610 జీవో. ఇక తేదీలు తికమక పెట్టవు.

పేజీ అయ్యాక పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాసుకోండి. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లు ముందున్నారు. రివిజన్ అయిన సాయంత్రం మనకు అంతా వచ్చేసినట్టు అనిపించేది అందుకే!

పరీక్షకు చదువుతూనే టైపింగ్, ఎక్సెల్, స్పోకెన్ ఇంగ్లిష్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు భయం. టైపింగ్ పర్వాలేదు, అది వేళ్లకు పట్టుబడే పని, కొన్నాళ్లు వదిలినా త్వరగా చేతికొస్తుంది. స్పోకెన్ ఇంగ్లిష్ పరీక్ష అయ్యాక చూసుకోవచ్చు. కరెంట్ అఫైర్స్ కూడా అంతే, ఎవరేమన్నా నేను చివరి నెలల్లోనే గట్టిగా పట్టుకుంటాను.