ఉడుతల వేటలోని ఆనందం, ఉడుతలతో మన తగువులు

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో స్థిరపడిన మా పిన్ని కొడుకు ఏటా ఆకురాలే కాలంలో ఉడుతల వేటకు వెళ్తాడన్న సంగతి, వాడు మొన్న సంక్రాంతికి విజయవాడ వచ్చినప్పుడు బయటపడింది. ఇంట్లో పెద్దవాళ్ళు నొచ్చుకున్నారు. "రాముడు వీపు నిమిరిన జీవాన్ని చంపడానికి నీకు చేతులెలా వచ్చాయిరా" అని మా అమ్మ అడిగేసరికి వాడు బదులు చెప్పలేకపోయాడు. ఆ రాత్రి డాబా మీద కూర్చుని అడగదలచుకున్నవన్నీ వాణ్ణి అడిగాను. నాకు అర్థమైనంతలో, ఉడుతల వేటను ఇష్టపడేవారిని కర్కోటకులని కొట్టిపారేయడం న్యాయం కాదు. చెవినీ కంటినీ ఒక చిన్న చురుకైన ప్రాణి మీద గంటల తరబడి నిలపడంలోనే వాళ్ళ ఆనందంలో ఎక్కువ పాలు ఉంది. చంపడానికి అందులో దక్కే చోటు చాలా తక్కువ. ఆ ఎక్కువ పాలును మన బెజవాడలో తుపాకీ ముట్టకుండానే, పెరట్లో జామచెట్టు కింద నిలబడి ఎందరో అనుభవిస్తున్నారని నా నమ్మకం.

అక్కడ వేటాడేవి మన ఉడుతల వంటివి కావన్నది మొదట తెలుసుకోవాలి. ఆ అడవుల్లో గ్రే స్క్విరల్, ఫాక్స్ స్క్విరల్ అని రెండు రకాలున్నాయి. మొదటిది అరకిలో అటూ ఇటూగా తూగుతుంది, రెండోది బాగా బలిస్తే కిలో వరకూ వస్తుంది. మన పిట్టగోడల మీద పరుగెత్తే మూడు చారల ఉడుత బరువు 100 గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది కనుక, మాంసం కోసం దాన్ని వేటాడడమనే ఆలోచన మన ఇళ్ళలో పుట్టకపోవడంలో వింతేమీ లేదు. మిస్సోరిలో మే నెల నాలుగో శనివారం నుంచి ఫిబ్రవరి 15 వరకు వేటకు అనుమతి ఉంటుంది. పర్మిట్ ఉన్నవారు రోజుకు 10 ఉడుతలకు మించి కొట్టకూడదు. కొట్టినదాన్ని పారేయడం అక్కడి వేటగాళ్ళలో పరువు తక్కువ పని. తోలు ఒలిచి, ముక్కలు కోసి, చాలాసేపు సన్నని సెగ మీద ఉడికిస్తారు. వర్జీనియా, జార్జియా ప్రాంతాల బ్రన్స్‌విక్ స్టూ, కెంటకీ వాళ్ళ బర్గూ ఇప్పుడు కోడి మాంసంతోనో మరో మాంసంతోనో వండుతున్నా, ఒకప్పుడు ఉడుత మాంసంతో చేసిన వంటలేనని అక్కడివారు చెప్పుకుంటారు.

"అన్నయ్యా, తుపాకీ పేలేది ఒక్క క్షణం. మిగతా పొద్దంతా వినడమే" అన్నాడు వాడు. తెల్లవారకముందే వెళ్ళి, గట్టి పెంకు కాయలు కాసే హికరీ చెట్టు మొదట్లో వీపు ఆనించి కూర్చుంటారు. ఏ మాత్రం కదిలినా ఏదో ఒక ఉడుత గట్టిగా అరిచి అడవి మొత్తానికి కబురు పెడుతుంది, ఇక ఆ చుట్టుపక్కల చాలాసేపు ఏదీ బయటకు రాదు. వెలుగు వచ్చాక, రాలిన ఆకుల మీద ఆగి ఆగి చినుకులు పడుతున్నట్టు చిన్న చప్పుడు మొదలైతే, పైన ఎక్కడో ఉడుత కాయ కొరుకుతోందన్నమాట. పెంకు తునకలు పడే చోటును బట్టి కొమ్మను, కొమ్మ ఊగే తీరును బట్టి ఉడుతను పోల్చుకోవాలి. మనిషిని చూసిందంటే అది మాను వెనక్కు జారి బెరడుకు అతుక్కుపోతుంది. మనిషి చెట్టు చుట్టూ ఎంత తిరిగితే అదీ అంతే తిరుగుతుంది, ఎప్పుడూ మాను మధ్యలో ఉండేలా చూసుకుంటుంది. అందుకే ఇద్దరు కలిసి వెళ్తారు. ఒకరు కదలకుండా నిలబడితే, రెండోవారు ఆకులు తొక్కుకుంటూ అవతలి నుంచి వస్తారు, ఆ చప్పుడుకు ఉడుత ఇవతలి పక్కకు జరుగుతుంది. ఒంటరిగా వెళ్ళినవాడు కర్రముక్కనో రాతినో చెట్టు అవతలికి విసిరి ఆ రెండో మనిషి పని తానే చేసుకుంటాడు. ఉడుత వాసన పట్టి, అది ఎక్కిన చెట్టు కింద నిలబడి మొరిగే ఫైస్ట్ అనే చిన్న జాతి కుక్కలను వెంట తీసుకువెళ్ళేవారి వేట తీరు వేరు, అందులో కుక్క పనితనం చూడడానికే వెళ్తారట.

పాయింట్ ట్వంటీటూ అనే చిన్న గుండు రైఫిలుతో తలకే గురిపెట్టడం మంచి వేటగాడి పద్ధతి. ప్రాణం వెంటనే పోతుంది, మాంసమూ చెడదు. జింక వేటకు కావలసినంత ఖర్చూ హంగామా దీనికి అక్కరలేదు కనుక, అక్కడ చాలామంది తండ్రులు పిల్లలకు మొట్టమొదట నేర్పేది ఈ వేటే. చెట్టును గుర్తుపట్టడం, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకోవడం, మాట్లాడకుండా పక్కపక్కన కూర్చోవడం పిల్లలకు దీనితోనే అలవాటవుతాయని మా తమ్ముడు చెప్పాడు. ఖాళీ చేతులతో తిరిగి వచ్చిన రోజుల గురించే వాడు ఎక్కువసేపు మాట్లాడాడు. ఏ చెట్టు మీద ఉడుత తనను ఎలా ఏమార్చిందో వివరిస్తున్నప్పుడు వాడి ముఖంలో కనిపించిన సంతోషం, ఎన్ని కొట్టాడో చెప్పినప్పుడు కనిపించలేదు. వేటంటే ఇష్టంలేని నాకు కూడా నమ్మకం కుదిరింది ఆ తేడా చూశాకే.

ఇంగ్లండులో వేటకు కారణం మరొకటి. 1876లో అమెరికా నుంచి తెచ్చి వదిలిన గ్రే స్క్విరల్ అక్కడ విస్తరించి, స్థానికమైన ఎర్ర ఉడుతను చాలా ప్రాంతాల నుంచి తరిమేసింది. తనకు పెద్దగా హాని చేయని, ఒంటి మీద పుళ్ళు తెచ్చే పాక్స్ వైరస్‌ను మోసుకు తిరిగి ఎర్ర ఉడుతలకు అంటించింది. అక్కడ గ్రే ఉడుతను కొట్టేవారు ఎర్ర ఉడుతను కాపాడుతున్నామన్న తృప్తితో ఆ పని చేస్తారు.

ఇక మన సంగతి. విజయవాడలో పెరడున్న ఇంట్లో జామ, సపోటా, కొబ్బరి చెట్లలో ఏ ఒక్కటి ఉన్నా ఉడుతలతో తగువు తప్పదు. జామకాయ ఏ పూట పండుతుందో మనకంటే ముందు దానికే తెలుస్తుంది. పండు మొత్తం తిన్నా ఇంత కోపం రాదు. ఒక వైపు నాలుగు కొరుకులు కొరికి, మరో పండుకు వెళ్ళిపోతుంది. గూడు కట్టే రోజుల్లో పరుపు చిరుగులోంచి దూది, కొబ్బరి మట్టల నుంచి పీచు, డాబా మీద ఆరేసిన పాత చీర కొంగు నుంచి దారాలు లాక్కుపోయి, వెంటిలేటర్‌లోనో ఏసీ వెనకనో ఇంత గుట్ట పేరుస్తుంది. దాని ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి కనుక ఏదో ఒకటి కొరికి అరగదీసుకోక తప్పదు. కేబులు తీగ, ప్లాస్టిక్ పైపు, కిటికీకి కొట్టిన దోమల వల అన్నీ దానికి ఒక్కటే.

మా పక్కింట్లో రిటైరైన మాస్టారు ఒకరున్నారు. పొద్దున్నే కాఫీ తాగి, దోటి చేత పట్టుకుని జామచెట్టు కింద నిలబడతారు. ఉడుత కనబడగానే దోటితో కొమ్మను తడతారు. అది మాను వెనక్కు తిరుగుతుంది. ఆయన అటు వెళ్తే ఇటు వస్తుంది. కొన్నాళ్ళకు ఆయన తన భార్యను రెండో పక్క నిలబెట్టడం మొదలుపెట్టారు. "ఏమండీ, ఇటొచ్చింది, ఇటొచ్చింది" అని ఆవిడ చెప్పడమూ, ఆయన పరుగున ఇటు రావడమూ, ఈలోగా అది ప్రహరీ మీదికి దూకి తోక ఆడిస్తూ చిక్‌చిక్‌మని అరవడమూ మా వంటింటి కిటికీలోంచి చూస్తుంటాను. మిస్సోరి అడవిలో ఇద్దరు వేటగాళ్ళు చేసే పనినే, ఎవరూ నేర్పకుండా, ఈ దంపతులు గుణదలలో కనిపెట్టారు. పెద్ద కాయలకు సంచులు కట్టిన తరువాత కూడా ఆయన దోటి మానలేదు. ఏ ఉడుత ఏ వేళకు ఎటునుంచి వస్తుందో, వాటిలో తోక సగం తెగినది ఏదో ఆయనకు తెలుసు. పిల్లిని చూస్తే ఎలా అరుస్తుందో, మనిషిని చూస్తే ఎలా అరుస్తుందో తేడా చెప్పగలరు. ఇంత శ్రద్ధ దేనిమీద పెట్టినా మనిషికి సంతోషం కలుగుతుంది.

తోటలు పెంచేవారి బాధ వేరు, అక్కడ ఉడుత తినేది జీవనాధారాన్ని. నూజివీడు దగ్గర మా బావగారికి కొబ్బరిలో అంతర పంటగా కోకో ఉంది. ఉడుత పండిన కోకో కాయను తొలిచి, గింజల చుట్టూ ఉండే తియ్యని గుజ్జు కోసం లోపలంతా ఖాళీ చేస్తుంది. కాయను చేతిలోకి తీసుకుని చూస్తే దొంగ ఎవరో తెలుస్తుంది: తొడిమ దగ్గర కొరికి ఉంటే సాధారణంగా ఎలుక, నడుమ భాగంలో బెజ్జం ఉంటే ఉడుత. ఎలుక రాత్రి తిరుగుతుంది, ఉడుత పగలు తిరుగుతుంది, అందువల్ల రెండింటికీ ఉపాయాలూ వేరే. రంగు తిరిగిన కాయను చెట్టున ఉంచకుండా ఎప్పటికప్పుడు కోసేయడం, మిగిలిన కాయలకు బెజ్జాలున్న ప్లాస్టిక్ సంచులు తొడగడం బావగారు పాటించే పద్ధతి. కొబ్బరి మానుకు మనిషి ఎత్తుకు పైన నున్నటి రేకు చుడితే ఎలుకకూ ఉడుతకూ పట్టు దొరకదు, అయితే పక్క చెట్టు మట్టలు దీనికి తగులుతుంటే ఆ రేకు వృథా. డ్రిప్ పైపులను మాత్రం ఆయన ఇప్పటికీ కాపాడుకోలేకపోతున్నారు, వేసవిలో నీళ్ళ కోసం వాటిని కొరికేస్తూనే ఉంటాయి.

ఉడుత వల్ల కరెంటు పోయిందంటే నవ్వేవారున్నారు. తీగల మీద పరుగెత్తే ఉడుతలు కూడా విద్యుత్ అంతరాయాలకు ఒక కారణమని 2021లో తమిళనాడు విద్యుత్ శాఖ మంత్రి అన్నప్పుడు ఆయన్ను చాలామంది ఎగతాళి చేశారు. 1987 డిసెంబరులోనూ 1994 ఆగస్టులోనూ అమెరికాలోని నాస్‌డాక్ స్టాక్ మార్కెట్ లావాదేవీలు ఆగిపోయింది ఉడుతల మూలానే. కనెక్టికట్‌లోని దాని కంప్యూటర్ కేంద్రానికి వచ్చే కరెంటు ఉడుత వల్ల దెబ్బతిన్నది. ఆ ఎగతాళి అనవసరమని నేను అప్పుడే అనుకున్నాను.

ఇంత నష్టం చేస్తున్నా మన దగ్గర ఉడుతను చంపాలన్న మాట పెద్దగా వినబడదు. వారధి కట్టేటప్పుడు ఇసుకలో పొర్లి వచ్చి విదిల్చిన ఉడుత కథ వాల్మీకంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. తెలుగునాట పుట్టినవారికి ఆ మూడు చారలు చూడగానే గుర్తొచ్చేది అదే. ఊళ్ళలో ఉండేలుతో ఉడుతలను కొట్టే పిల్లలు లేకపోలేదు, వాళ్ళను మందలించే అమ్మమ్మలూ ఉన్నారు. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వన్యప్రాణులను చంపడాన్నే గాక ఉచ్చు వేయడాన్నీ, బోనులో పట్టడాన్నీ, విషం పెట్టడాన్నీ కూడా వేట కిందే లెక్కిస్తుంది. 2022 సవరణకు ముందు ఆ చట్టంలో, చంపినా తప్పు కాని హానికర జంతువుల జాబితా ఒకటి ఉండేది. అందులో కాకి, పళ్ళు తినే గబ్బిలాలు, చిట్టెలుక, ఎలుక ఉన్నాయి గాని ఉడుత లేదు. మిస్సోరిలో అనుమతితో, లెక్కతో, గడువుతో సాగే వేటకూ, ఇక్కడ కోపం వచ్చి బత్తాయి ముక్కలో మందు కలిపి పెట్టడానికీ ఏ పోలికా లేదు. ఆ రెండో పనిలో ఓర్పూ లేదు, గురీ లేదు, ఎదుటి ప్రాణిని గమనించడం అసలే లేదు. పైగా ఆ ముక్కను కాకి తినవచ్చు, వీధిలో ఆడుకునే పిల్లవాడు తినవచ్చు.

జిగురు అట్టలను నేను ఇంకా ఎక్కువ ద్వేషిస్తాను. ఎలుకల కోసమని అటక మీద పెట్టినదాంట్లో పగటిపూట ఉడుత చిక్కుకుంటే, అది గింజుకున్నకొద్దీ పొట్ట కింది చర్మం ఊడివస్తుంది. మీ ఇంట్లో అలా జరిగితే మందపాటి గుడ్డతో దాని తల కప్పి, అంటుకున్నచోట వంటనూనె కొద్దికొద్దిగా పోసి, నెమ్మదిగా విడిపించాలి. ఒట్టి చేతులతో పట్టుకుంటే తప్పక కరుస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద బాగా కడిగి డాక్టరుకు చూపించుకోవాలి.

వెంటిలేటర్‌లో గూడు ఉంటే దాన్ని తీసే ముందు లోపల పిల్లలున్నాయేమో చూడండి. సాధారణంగా ఒక కాన్పుకు రెండో మూడో ఉంటాయి, పుట్టినప్పుడు కళ్ళు తెరవవు, ఒంటి మీద బొచ్చు ఉండదు, తల్లిపాలు మానడానికి సుమారు పది వారాలు పడుతుంది. ఆ వారాలు ఓపిక పట్టి, పిల్లలు సొంతంగా చెట్టెక్కి తిరగడం మొదలయ్యాక గూడు తీసేసి, కన్నానికి సన్నటి ఇనుప జాలీ బిగించండి. ప్లాస్టిక్ జాలీ వేస్తే వారం తిరక్కుండానే కొరికేస్తుంది.