బ్లైనావన్ బొగ్గుబాయి: గడియారం పైన వదిలి 1840లోకి

చేతి గడియారం, ఫోను, కారు తాళం, కెమెరా. బ్రిటన్‌లో, వేల్స్ కొండల్లోని బ్లైనావన్ ఊరి బొగ్గుబాయి పేరు బిగ్ పిట్. దాని ల్యాంప్ రూమ్, అంటే దీపాలిచ్చే గది దగ్గర ఇవన్నీ తీసి ఇచ్చేయమన్నప్పుడు మా గుంపులో సగంమంది మొహాలు మాడిపోయాయి. అంతదూరం వచ్చి ఒక్క ఫొటో కూడా లేకుండా ఎలా అని ఒకాయన వాదనకే దిగాడు. కొత్తగూడెం, యెల్లందు, గోదావరిఖని వైపు వాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. అక్కడా జేబులు తడిమి, బీడీలూ అగ్గిపెట్టే లేవని తేల్చుకున్నాకే బాయిలోకి వదులుతారు. 1980 ఫిబ్రవరిలో ఇక్కడ బొగ్గు తియ్యడం ఆగిపోయింది, 1983లో మ్యూజియంగా తెరిచారు. అయినా గనులకుండే భద్రతా నియమాలు దీనికి ఇప్పటికీ వర్తిస్తాయి. బొగ్గులోంచి వచ్చే మండే వాయువు మిథేన్. అది అంటుకోవడానికి ఒక మిల్లీజౌల్‌లో మూడోవంతు శక్తి ఉన్న నిప్పురవ్వ చాలు. గడియారంలోని చిన్న బ్యాటరీని కూడా అనుమానించేది అందుకే.

న్యూపోర్ట్ నుంచి ఎక్స్24 బస్సెక్కితే కొండల మధ్య ఊళ్లన్నీ తిప్పుకుంటూ బ్లైనావన్‌లో దింపుతుంది. అక్కణ్ణుంచి గని దాకా ఎగుడుదారి, నడకకి సిద్ధపడాలి. మ్యూజియం చూడ్డానికి టికెట్ లేదుగానీ, కారులో వస్తే పార్కింగ్‌కి కట్టాలి. కిందికి దిగే టూరు వివరాలు బయల్దేరే ముందే చూసుకోవడం మంచిది, జనం ఎక్కువైతే గంటలు కూర్చోబెడతారు. ఎండాకాలమైనా స్వెట్టరు ఉండాలి. చెప్పులతో వెళ్లొద్దు.

హెల్మెట్, క్యాప్ ల్యాంప్, నడుముకి దాని బ్యాటరీ, విషవాయువు వస్తే నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే డబ్బా సెల్ఫ్ రెస్క్యూయర్: అన్నీ కలిపి 5 కిలోల దాకా బరువు. బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఆనేలా బిగించుకోవాలి, లేకపోతే వంగి నడిచేటప్పుడు జారి మోకాళ్లకి తగులుతుంది. సెల్ఫ్ రెస్క్యూయర్ గురించి ఒక మాట. ఫిల్టర్ రకమైతే అది ఆక్సిజన్ ఇవ్వదు, పీల్చే గాలిలోని కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, అంతే. అలా మార్చేటప్పుడు వేడెక్కుతుంది. నోరు కాలుతోందని తీసి పారేస్తే ప్రాణం పోతుంది. వేడెక్కిందంటే బయట విషవాయువు ఉందని, డబ్బా తన పని చేస్తోందని అర్థం.

కేజ్, అంటే గని లిఫ్టు, 90 మీటర్లు దిగుతుంది. ఇక్కడి షాఫ్ట్, అంటే కేజ్ దిగే నిలువు బాయి, గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో 18 అడుగులకు 13 అడుగులు. బొగ్గు నింపిన డ్రామ్‌లు, అంటే మన గనుల్లో టబ్బులనే చిన్న బండ్లు, పక్కపక్కన రెండు వరసలు పట్టేంత వెడల్పు. బిగ్ పిట్ అన్న పేరు అందుకే వచ్చింది. తవ్వింది 1860 ప్రాంతంలో. దానికంటే పాత పనిస్థలాలు లోపల దీంతో కలిసిపోయి ఉన్నాయి కాబట్టి నాలుగడుగులు వేస్తే కాలం వెనక్కి జరుగుతుంది. గైడ్లు గనుల్లో పనిచేసినవాళ్లే. కప్పు వంక దీపం తిప్పి చూసే తీరులోనే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఒక చెక్క తలుపు దగ్గర ఆపి, అందరి దీపాలూ ఆర్పించారు. చీకటి అన్న మాట ఇక్కడ సరిపోదు. ఇంట్లో కరెంటు పోతే కాసేపటికి కళ్లు అలవాటుపడి కిటికీ చట్రమో తలుపు సందో కనిపిస్తుంది. ఇక్కడ కళ్లు ఎంతసేపు అలవాటుపడినా పట్టుకోవడానికి వెలుగంటూ ఉండాలి కదా. మొహం ముందు చెయ్యి ఆడించినా తెలియలేదు. చుక్కచుక్కగా నీళ్లు పడే చప్పుడు ఒక్కటే. 1842 చట్టానికి ముందు ఇలాంటి తలుపుల పక్కన అయిదారేళ్ల పిల్లలు పన్నెండేసి గంటలు కూర్చునేవారు. చేతిలో ఒక తాడు. డ్రామ్ వస్తున్న మోత వినగానే తాడు లాగి తలుపు తియ్యాలి, అది దాటగానే వదలాలి. వెలుగు కావాలంటే కొవ్వొత్తి సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ఆ రోజుల్లో అవి నిజంగా పశువుల కొవ్వుతో చేసిన వత్తులే. పిల్లల కూలి దానికే చాలదు కాబట్టి చీకట్లోనే ఉండేవారు.

అసలు ఆ తలుపుకి మనిషిని ఎందుకు పెట్టాలి? టూరులో ఇది త్వరగా దాటేశారు, నాకు అసంతృప్తి మిగిలింది అక్కడే. గనిలోకి గాలి ఒక దారిన దిగి, పనిచేసే చోటంతా తిరిగి, ఇంకో దారిన పైకి పోవాలి. ఫ్యాన్లు రాకముందు పైకి పోయే షాఫ్ట్ అడుగున పెద్ద కొలిమి మండించేవారు. వేడెక్కిన గాలి లేస్తుంటే, రెండో షాఫ్ట్ నుంచి చల్లగాలి లోపలికి దిగేది. వచ్చే దారికీ పోయే దారికీ మధ్య అడ్డంగా ఉండేదే ఈ తలుపు. అది తెరిచి ఉండిపోయిందంటే, గట్టు తెగిన కాలవలా గాలి దగ్గరిదారి పట్టేస్తుంది. చివర బొగ్గు కొట్టేవాళ్లకి గాలి అందదు. మిథేన్ గాలికంటే తేలిక, పోయి కప్పు కింద చేరుతుంది. అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు ఎవరి కొవ్వొత్తి తగిలినా పేలుడే. పేలుడు తప్పించుకున్నవాళ్లని తర్వాత వచ్చే కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది.

ఆ తాడు లాగడం ఎంత బరువో లెక్కేద్దాం. తలుపుకి అటూ ఇటూ గాలి ఒత్తిడి ఒక మిల్లీమీటరు నీటిమట్టం తేడా ఉంటే, చదరపు మీటరుకి ఒక కిలో బరువు ఆనినట్టు. తేడా 10 మిల్లీమీటర్లనుకుందాం, తలుపు రెండు చదరపు మీటర్లు. మొత్తం 20 కిలోలు. బందుకి దూరంగా, అంచు దగ్గర తాడు కట్టి లాగినా 10 కిలోల బలం పెట్టాలి, అదీ డ్రామ్ వచ్చిన ప్రతిసారీ. ఆరేళ్ల పిల్లవాడి బరువే 20 కిలోలు. నిద్రపోతే గనిలో ఉన్నవాళ్లందరికీ ముప్పు. ఇప్పటి గనుల్లో రెండు తలుపులు వరసగా పెట్టి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుస్తారు. మధ్యలో టబ్బుల వరస మొత్తం పట్టేంత దూరం ఉండాలి. ఆ దూరం తక్కువైతే రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి, ఇంక అవి ఉన్నా లేనట్టే.

గుర్రాల కొట్టాలు కూడా చూపిస్తారు, ఒక్కోదాని పేరు పలక మీద ఇంకా ఉంది. తలుపు దగ్గరి పిల్లల పేర్లు మాత్రం ఏ గోడ మీదా కనిపించలేదు.

పైకొచ్చాక ఐరన్‌వర్క్స్ తప్పకుండా చూడాలి. 1789లో మూడు కొలుములతో మొదలైన ఇనుప కర్మాగారం అది, ఆ కొలుముల ఆకలి తీర్చడానికే చుట్టూ గనులు తవ్వారు. 1839 నాటి వాటర్ బ్యాలెన్స్ టవర్ దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. రెండు లిఫ్టులు, ఒక్కోదాని కింద నీళ్ల తొట్టి. పైనున్న తొట్టి నింపితే ఆ బరువుకి అది దిగుతూ రెండోదాన్ని సరుకుతో సహా పైకి లాగుతుంది. కిందికి చేరాక నీళ్లు వదిలేస్తారు. మన మోట బావిలో ఎడ్లు చేసే పని ఇక్కడ నీళ్లతో చేయించారు. పైన వాగు ఎండినా గడ్డకట్టినా మాత్రం పని ఆగిపోవాల్సిందే.

పక్కనే స్టాక్ స్క్వేర్, పనివాళ్ల ఇళ్లు. కుండలు, మంచాలు, పొయ్యి, అన్నీ పొందిగ్గా సర్ది పెట్టారు. నాకు నచ్చనిది ఆ పొందికే. కొలుములు రాత్రింబవళ్లు మండే చోట గోడకి తెల్లసున్నం ఒక్కరోజు కూడా అలా నిలిచి ఉండదు. కంపెనీ దుకాణం మాత్రం బాగా చూపించారు. జీతం నెలకో, ఇంకా ఆలస్యంగానో చేతికొచ్చేది. ఈలోపు అప్పు కంపెనీ దుకాణంలోనే, ధర వాళ్లు చెప్పిందే. జీతానికి బదులు సరుకులివ్వడం 1831 చట్టంతో నేరమైంది. అయినా అప్పుల పుస్తకం ఉన్నంతకాలం కూలీ ఆ కొట్టు గుమ్మం దాటి పోలేడు.

1842 చట్టం ఆడవాళ్లనీ పదేళ్లలోపు మగపిల్లల్నీ గని లోపలి పని నుంచి తప్పించింది. అమలు చూడ్డానికి దేశం మొత్తానికి ఒక్క ఇన్‌స్పెక్టరు. వయసు ఎక్కువ చెప్పి పిల్లల్ని దింపడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు. మన యెల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలయ్యేసరికి ఈ చట్టం వచ్చి 47 ఏళ్లు. అయినా భారతదేశపు గనుల్లో ఆడవాళ్లు ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు తట్టలు మోశారు.

దీపం తిరిగి ఇచ్చేటప్పుడు ల్యాంప్ రూమ్ ఆయన బెల్టులన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. దిగినవాళ్లెందరు, పైకొచ్చినవాళ్లెందరు. మ్యూజియమే అయినా ఆ లెక్క తేలేవరకు మా గడియారాలు మా చేతికి ఇవ్వలేదు.