తల వెనక వైరు
తాగుడు మానిన మొదటి మూడు రోజులు నాకు సరిగా గుర్తులేవు. చేతుల వణుకు, పక్క తడిసిపోయేంత చెమట, గోడ మీద ఏవో పాకుతున్నట్టు ఉండడం, అంతే. ఆసుపత్రిలో ఉన్నాను కాబట్టి వణుకునూ ఫిట్స్‌నూ అదుపు చేసే లొరాజెపామ్ మందుతో, థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లతో గట్టెక్కాను. అంతకుముందు ఒకసారి ఇంట్లోనే పంతానికి పోయి మానేసి ఫిట్స్ తెచ్చుకున్నవాణ్ణి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపొద్దు.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. సాయంత్రం ఆరయ్యేసరికి ఒళ్లు బిగుసుకుపోయేది. అది తాగాలన్న కోరిక కూడా కాదు, కుదురుగా కూర్చోలేకపోవడం. డాక్టరు తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర రాసి, కౌన్సెలింగ్‌తో పాటు న్యూరోఫీడ్‌బ్యాక్ కూడా ప్రయత్నించి చూడమన్నారు. అంటే మెదడు తరంగాలను శబ్దాలుగా వినిపిస్తూ, వాటిని మార్చుకోవడం నేర్పే శిక్షణ.

కరెంటు పెడతారేమోనని భయపడ్డాను. తల వెనక పాయ తీసి, గరుకు జెల్‌తో రుద్ది, తెల్లటి పేస్టుతో చిన్న బిళ్ల అంటించారు. చెవి తమ్మెలకు క్లిప్పులు. తలలోకి ఏమీ రాదు, తలలోంచి వచ్చే విద్యుత్తునే యంత్రం చదువుతుంది. అదీ వోల్టులో పది లక్షల వంతుల లెక్క. అందుకే దవడ కాస్త బిగించినా స్క్రీన్ మీద గీతలు పూనకం వచ్చినట్టు ఎగిరేవి. "సార్, పళ్లు కొరక్కండి" అనేది టెక్నీషియన్ అమ్మాయి. పళ్లు కొరుకుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

కళ్లు మూసుకుని నెమ్మదించినప్పుడు సెకనుకు 8 నుంచి 12 సార్లు కదిలే మెదడు తరంగం ఆల్ఫా. కునికిపాటులో వచ్చేది థీటా, 4 నుంచి 8. ఆల్ఫా పెరిగితే ఒక శబ్దం, థీటా పెరిగితే ఇంకొకటి. రప్పించాలని చూస్తే రాదు. వదిలేస్తే వస్తుంది. వచ్చిందని సంబరపడ్డామా, పోతుంది. మొదటి వారమంతా నేను చేసింది గురక పెట్టడమే.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో పెనిస్టన్, కుల్కోస్కీ అనే పరిశోధకులు 1989లో ప్రచురించిన అధ్యయనం. ఫలితాలు చదివి రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున డాక్టరుకు చూపిస్తే, "అందులో ఈ శిక్షణ తీసుకున్న తాగుడు రోగులు ఎంతమందో చూశారా?" అన్నారు. పదిమంది. తర్వాతి పరిశోధనల్లో అంత గట్టి రుజువు దొరకలేదని, మందులూ కౌన్సెలింగూ వదలొద్దని చెప్పారు. నా ఉత్సాహం మీద నీళ్లు పోశారని కోపం వచ్చింది కానీ, ఇప్పుడు ఎవరైనా ఇదొక్కటే చాలని డబ్బు కట్టించుకుంటుంటే ఆ మాటే చెబుతున్నాను.

పదకొండో సెషన్ అయ్యాక తాగాను. రెండు రోజులు. మళ్లీ వెళ్లి కూర్చున్నప్పుడు ఆ అమ్మాయి ఏమీ అడగలేదు, పేస్టు డబ్బా మూత తీసింది. దానికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మొత్తం ముప్ఫై సెషన్లు. మానింది మాత్రతోనా, కౌన్సెలింగ్‌తోనా, వైరుతోనా అంటే విడదీసి చెప్పలేను. వైరు నుంచి నాకు కచ్చితంగా మిగిలింది ఒక్కటే. మొన్న సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. "ఏమండీ, ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది మా ఆవిడ.

"సార్, పళ్లు కొరక్కండి" అని పైకే అనేశానట.