దత్త మండలాల పాలన: ఒక అనంతపురం వాసి దృష్టిలో

తన రాజ్యంలో ఈస్టిండియా కంపెనీ నిలిపిన సైన్యపు ఖర్చు కింద, 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి తనకు దక్కిన భూభాగాన్ని నిజాం 1800 అక్టోబరు ఒప్పందంతో కంపెనీకి వదులుకున్నాడు. దత్త మండలాలని పేరుపడిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు ఆ విధంగా సిపాయిల జీతాల పద్దులో చెల్లుబడి అయ్యాయి. కర్నూలు మాత్రం 1839లో గులాం రసూల్ ఖాన్‌ను పదవి నుంచి తొలగించేవరకు నవాబుల చేతిలోనే ఉన్నది.

ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్లను, అంటే సొంత బలగాలతో ఊళ్లను ఏలిన స్థానిక నాయకులను అణచి, 1802లో భూముల కొలత మొదలుపెట్టించాడు. కొలిచే గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసుతో 40 చదరాలైతే ఒక ఎకరం. మన్రో అనగానే మనవాళ్లు మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడన్న కథ చెబుతారు గాని, నాకు అంతకంటే విలువైనదిగా తోచేది 1807లో ఆయన పంపిన సిఫారసు. శిస్తు భారం ఎక్కువగా ఉన్నదని, దానిని నాలుగో వంతు తగ్గించి, ప్రభుత్వం నేరుగా ఒక్కొక్క రైతు నుంచే శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని స్థిరపరచాలని ఆయన కోరాడు. ఆ శిస్తును నిర్ణయించినది కూడా ఆయన యంత్రాంగమే అన్న సంగతి ఇక్కడ విస్మరించరాదు. రాబడి తగ్గడానికి ఇష్టపడని మద్రాసు అధికారులు రైత్వారీనే పక్కనబెట్టి, ఊళ్లకు ఊళ్లను మొదట మూడేళ్లకు, ఆపైన పదేళ్లకు గుత్తకిచ్చారు. గుత్తదారులు ఎందరో చితికిపోయారు. చివరకు మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన తరువాతే రైత్వారీ కుదురుకున్నది. ఆయన 1827లో పత్తికొండ వద్ద కలరాతో మరణించాడు.

ఒకే కలెక్టరు కింద ఈ సీమ ఉన్నది ఎనిమిదేళ్లే. 1808లో అది బళ్లారి, కడప జిల్లాలుగా విడిపోయింది. కర్నూలు 1858లో, బళ్లారి నుంచి పత్తికొండనూ కడప నుంచి కోవెలకుంట్ల వంటి తాలూకాలనూ కలుపుకొని కలెక్టరు జిల్లా అయింది. మన్రో తొలుత మకాం పెట్టిన మా అనంతపురానికి మాత్రం 1882 వరకు ప్రత్యేక జిల్లా యోగం పట్టలేదు. కదిరి 1910లో కడప నుంచి మాకు వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలులోనూ రాయదుర్గం అనంతపురంలోనూ చేరగా, తల్లి జిల్లా కేంద్రమైన బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లిపోయింది.